టికెట్ ఆయనకు రాకపోతే?

2024 ఎన్నికలకు ముందు కొన్ని నెలల పాటు ఆంధ్రప్రదేశ్‌లో ఊరూరా ఒకే రకం ఫోను మోగింది. ఎత్తితే అవతల మనిషి ఉండడు, రికార్డు చేసిన గొంతు ఉంటుంది. మీ నియోజకవర్గంలో తెలుగుదేశం అభ్యర్థిగా ఫలానా వారు కావాలంటే ఒకటి నొక్కండి, ఫలానా వారైతే రెండు నొక్కండి, వీళ్లెవరూ వద్దనుకుంటే నోటాకు మూడు నొక్కండి. అర నిమిషంలో పని అయిపోతుంది. పార్టీ వాళ్లు దీన్ని ఐవీఆర్‌ఎస్ సర్వే అన్నారు. 2024 ఫిబ్రవరి 24న 94 మందితో తొలి జాబితా ప్రకటిస్తూ, కోటి మందికి పైగా అభిప్రాయాలు తీసుకుని ఈ పేర్లు ఖరారు చేశామని చంద్రబాబు నాయుడు చెప్పారు.

ఇది చిన్న మార్పు కాదు. మన దేశంలో టికెట్ ఎవరికివ్వాలన్నది అధిష్ఠానం మాట. అమెరికాలో పార్టీ ఓటర్లే ముందుగా ఓటేసి అభ్యర్థిని ఎన్నుకుంటారు, దాన్ని ప్రైమరీ అంటారు. 2014 లోక్‌సభ ఎన్నికల ముందు కాంగ్రెస్ దేశంలో కొద్ది నియోజకవర్గాల్లో అలాంటి ప్రయోగం చేసింది గానీ అది నిలబడలేదు. కాబట్టి మనకు ప్రైమరీకి దగ్గరగా వచ్చేది ఈ ఫోన్ కాలే. ఓటరును అడిగి టికెట్ ఇవ్వాలన్న ఆలోచన మంచిది. అందుకే ఆ అడగడం ఇంకొంచెం సరిగ్గా ఉంటే బాగుండునని నా కోరిక.

లోపం ఎక్కడుందో చూద్దాం. ఒకటి నొక్కినవాళ్లు ఎందరో, రెండు నొక్కినవాళ్లు ఎందరో ఆ ఫోను చెబుతుంది. రెండు నొక్కినవాళ్లు ఒకటో పేరుకు టికెట్ వస్తే ఏం చేస్తారో చెప్పదు. సర్దుకుని జెండా పట్టుకుంటారా, ఇంట్లో కూర్చుంటారా, అవతలి పార్టీకి గుద్దేస్తారా? ఎన్నికల్లో పార్టీలను ముంచేది సరిగ్గా ఈ ప్రశ్నే. జాబితా బయటికొచ్చిన రోజు రాత్రి ఫ్లెక్సీలు చిరుగుతాయి, మర్నాడు బుజ్జగింపులు మొదలవుతాయి. 2024 మార్చిలో శ్రీకాకుళంలో గొండు శంకర్‌కు టికెట్ ఇస్తే గుండ లక్ష్మీదేవి వర్గం, పాతపట్నంలో మామిడి గోవిందరావుకు ఇస్తే కలమట వెంకటరమణ వర్గం భగ్గుమన్నాయి. రెండు చోట్లా చివరికి తెలుగుదేశమే గెలిచింది. అయితే అది గాలి బలంగా వీచిన ఏడాది. పోటాపోటీగా ఉన్న ఏడాదిలో పార్టీలో అలిగి కూర్చున్న రెండు వేల మంది చాలు, ఫలితం తిరగబడడానికి.

అవతలి పార్టీ వైపు టెక్కలి చూడండి. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున అక్కడ దువ్వాడ శ్రీనివాస్ పోటీ చేశారు. 2019లో ఆయనను శ్రీకాకుళం లోక్‌సభకు పంపి టెక్కలిని పేరాడ తిలక్‌కు ఇచ్చారు. 2024లో దాన్ని తలకిందులు చేశారు, దువ్వాడ టెక్కలికి, తిలక్ లోక్‌సభకు. ఇదే పార్టీలో ఉన్న మాజీ కేంద్రమంత్రి కిల్లి కృపారాణి ఆ ఎన్నికల ముందు కాంగ్రెస్‌లోకి వెళ్లి టెక్కలిలోనే నిలబడ్డారు. మూడు ఎన్నికల్లోనూ అక్కడ గెలిచింది కింజరాపు అచ్చెన్నాయుడే. ముగ్గురు నాయకుల మధ్య ఏ వర్గం ఎవరిని ఓర్చుకుంటుంది, ఎవరిని ఓర్చుకోదు అన్న లెక్క ముందుగా చేతిలో ఉంటే ఆ పార్టీ నిర్ణయాలు వేరేగా ఉండేవేమో. ఆ లెక్క తీసే పద్ధతి ఒకటుంది. దాన్ని ప్రాధాన్య క్రమం సర్వే అనవచ్చు. ఒక్క పేరు అడగకుండా మొదట ఎవరు, వారు కాకపోతే ఎవరు, వారూ కాకపోతే ఎవరు అని వరుస అడగడమే దాని సారం.

ఈ వరుస రాయడం మన శ్రీకాకుళం జిల్లాకు కొత్త కాదు. 2025 ఫిబ్రవరి 27న పలాస, టెక్కలి టీచర్లు ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికలో ఇదే చేశారు. అక్కడ ఈవీఎం ఉండదు. కాగితం బ్యాలెట్, దాని మీద పేర్లు, పోలింగ్ సిబ్బంది ఇచ్చిన ఊదారంగు పెన్నుతో పేరు పక్కన 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి. 1 తప్పనిసరి, మిగతావి మన ఇష్టం. టిక్కు పెడితే ఓటు చెల్లదు. ఆ ఎన్నికలో మొదటి ప్రాధాన్యంలో ఉపాధ్యాయ సంఘం పీఆర్టీయూ నాయకుడు గాదె శ్రీనివాసులు నాయుడు ముందున్నారు, అప్పటి ఎమ్మెల్సీ పాకలపాటి రఘువర్మ రెండో స్థానం, కోరెడ్ల విజయగౌరి మూడో స్థానం. ఎవరికీ సగం దాటలేదు. అప్పుడు అట్టడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినీ తప్పిస్తూ, వారి బ్యాలెట్ల మీద తర్వాతి అంకె ఎవరి పక్కన ఉందో చూసి వాళ్లకు కలుపుతూ పోయారు. ఆ కూడికల తర్వాతే గాదె గెలిచారు. 2023 మార్చిలో పట్టభద్రుల స్థానానికి వేపాడ చిరంజీవిరావు గెలుపు కూడా రెండో ప్రాధాన్యం లెక్కతోనే తేలింది. ఆ ఎన్నికలో తెలుగుదేశం, ప్రోగ్రెసివ్ డెమోక్రాటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) ఒకరి ఓటర్లు మరొకరికి రెండో ప్రాధాన్యం వెయ్యాలని ముందే అనుకున్నాయి. రెండో అంకెకున్న బలం మన నాయకులకు బాగానే తెలుసన్నమాట. దాన్ని టికెట్ సర్వేల్లోకి తేవడమే మిగిలింది.

ఇంకా పాత ఉదాహరణ ఒకటుంది, అందులో ప్రధాన అభ్యర్థులిద్దరూ తెలుగువాళ్లే. 1969 రాష్ట్రపతి ఎన్నిక. కాంగ్రెస్ పార్లమెంటరీ బోర్డు బెంగళూరులో కూర్చుని, ఇందిరాగాంధీ కాదన్నా, నీలం సంజీవరెడ్డిని అధికారిక అభ్యర్థిగా ఖాయం చేసింది. వి.వి.గిరి స్వతంత్రుడిగా నిలబడ్డారు. ఆయన పుట్టింది ఇచ్ఛాపురం దాటగానే వచ్చే బరంపురంలో, 1952లో లోక్‌సభకు గెలిచింది మన పాతపట్నం నుంచి. ఆత్మప్రబోధం మేరకు ఓటెయ్యమని ఇందిర చెప్పడంతో కాంగ్రెస్ నిట్టనిలువునా చీలింది. ఒక పార్టీలోని ఇంటిపోరును దేశంలోని ఎంపీలు, ఎమ్మెల్యేలంతా ఓటేసి తేల్చినట్టయింది. మొదటి ప్రాధాన్యంలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, స్వతంత్ర, జనసంఘ్ పార్టీలు నిలబెట్టిన సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769 ఓట్ల విలువ వచ్చింది. గెలవడానికి 4,18,169 కావాలి. గిరి ఆగిపోయారు. దేశ్‌ముఖ్ వెనకున్న పార్టీలు రెండో ప్రాధాన్యం రెడ్డికి వెయ్యమని ముందే చెప్పాయి, చాలామంది అలాగే వేశారు. లెక్క తేలేసరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. మొదట్లో 88 వేలున్న తేడా 14,650కి పడిపోయింది. మొదటి అంకెలు మాత్రమే చూసినవాడికి ఇది ఏకపక్షపు గెలుపు. రెండో అంకె కూడా చూసినవాడికి రెడ్డికి దేశ్‌ముఖ్ శిబిరంలో ఎంత ఆదరణ ఉందో, గిరికి తన శిబిరం బయట ఎంత తక్కువో కనిపిస్తుంది.

ఇప్పుడు సర్వేకు వద్దాం. మన జిల్లా తీరంలోని ఉద్దానంలో ఒక నియోజకవర్గం అనుకుందాం. పార్టీ ఏదైనా ఫర్వాలేదు, మనుషులు కల్పితం. టికెట్ ఆశిస్తున్నవాళ్లు ముగ్గురు. కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి. వజ్రపుకొత్తూరు తీరంలో పడవలున్న నాయకుడు. మందస వైపు రిటైరైన హెడ్మాస్టరమ్మ. పార్టీ ఓటర్లలో వంద మందిని అడిగాం. మొదటి ప్రాధాన్యం వ్యాపారికి 40, తీరం నాయకుడికి 36, హెడ్మాస్టరమ్మకు 24. ఇప్పటి ఐవీఆర్‌ఎస్ పద్ధతిలో అయితే కథ ఇక్కడే ముగుస్తుంది. టికెట్ వ్యాపారిది.

ఆగి, రెండో ప్రశ్న అడుగుదాం. మీరు చెప్పినవారికి రాకపోతే? హెడ్మాస్టరమ్మ మనుషులు 24 మందిలో 14 మంది తీరం నాయకుడన్నారు, 6 మంది వ్యాపారి అన్నారు, నలుగురు ఎవరూ వద్దన్నారు. ఎమ్మెల్సీ పద్ధతిలో ఆమెను తప్పించి ఈ ఓట్లు పంచితే తీరం నాయకుడు 50, వ్యాపారి 46. టికెట్ చేతులు మారింది.

మిగతా ఇద్దరి మనుషులనూ అదే ప్రశ్న అడుగుదాం. వ్యాపారి వైపున్న 40 మందిలో 30 మంది హెడ్మాస్టరమ్మ అన్నారు, నలుగురు తీరం నాయకుడన్నారు, ఆరుగురు ఎవరూ వద్దన్నారు. తీరం నాయకుడి 36 మందిలో 28 మంది హెడ్మాస్టరమ్మ, ముగ్గురు వ్యాపారి, ఐదుగురు ఎవరూ వద్దు. ఇప్పుడు ముఖాముఖి పెట్టి చూడండి. హెడ్మాస్టరమ్మ, వ్యాపారి ఇద్దరే ఉంటే ఆమెకు 24కు తోడు 28 కలిసి 52, అతనికి 40కి 3 కలిసి 43. ఆమె, తీరం నాయకుడు ఇద్దరే ఉంటే ఆమెకు 54, అతనికి 40. ఎవరితో పెట్టినా ఆమే నెగ్గుతోంది. ఒక్క పేరు అడిగితే ఆమె మూడో స్థానం, కింది నుంచి తప్పిస్తూ పోతే మొదట పోయేదీ ఆమే.

వంద మంది మారలేదు, వాళ్ల మనసులో మాట మారలేదు. లెక్కించే తీరును బట్టి ముగ్గురిలో ఎవరైనా విజేత కావచ్చు. ఈ సంగతి పాఠకుడు కాసేపు కాగితం మీద వేసి చూసుకుంటే మంచిది, నేను చెప్పదలచినదంతా ఇందులోనే ఉంది. ఇది కాగితానికే పరిమితమైన లెక్క కాదు. 2022 ఆగస్టులో అమెరికాలోని అలాస్కాలో లోక్‌సభ లాంటి సభలో సీటుకు ఇలాగే వరుస రాసే పద్ధతిలో జరిగిన ఉపఎన్నికలో నిక్ బెగిచ్ మూడో స్థానంలో ఉండి ముందే తప్పుకోవాల్సి వచ్చింది, మేరీ పెల్టోలా గెలిచారు. తర్వాత బ్యాలెట్లు విశ్లేషిస్తే బెగిచ్ ముఖాముఖిలో పెల్టోలానూ, మరో అభ్యర్థి సారా పాలిన్‌నూ ఓడించగలిగి ఉండేవాడని తేలింది.

ఎన్నికకూ సర్వేకూ ఉన్న పెద్ద తేడా ఇక్కడే బయటపడుతుంది. ఎన్నిక అన్నాక ఏదో ఒక నియమం ప్రకారం లెక్కించి ఒకరిని ప్రకటించాలి. సర్వేకు ఆ కట్టుబాటు లేదు. వరుసలన్నీ చేతిలో ఉన్నప్పుడు ఎవరికి గట్టి అనుచరులున్నారు, ఎవరిని అందరూ ఓర్చుకుంటారు, ఎవరికిస్తే ఎంతమంది బయటికి పోతారు అని మూడు వేర్వేరు ప్రశ్నలకు మూడు జవాబులు తీయవచ్చు. ఏది ముఖ్యమో పార్టీ నిర్ణయించుకుంటుంది. నా మట్టుకు నేను రెండో జవాబుకే ఎక్కువ విలువ ఇస్తాను. మన ప్రాంతంలో మొదటి పేరు చాలాసార్లు తీర్పు కాదు, చుట్టరికం. మన ఊరు, మన కులం, మన ఇంటికి పెళ్లికి వచ్చినవాడు. అది తప్పని కాదు, మనిషి అన్నాక ఉంటుంది. మనోడు పక్కకు తప్పుకున్నాక మిగిలినవాళ్లలో ఎవరు మేలు అని అడిగితే అప్పుడు మనిషి తూకం వేస్తాడు. తిత్లీ తుపానుకు కొబ్బరిచెట్లు కూలిన రోజుల్లో ఎవరొచ్చారు? కిడ్నీ జబ్బుతో ఇంట్లో మనిషి డయాలసిస్‌కు తిరుగుతుంటే ఎవరు పట్టించుకున్నారు? మంచినీళ్ల గురించి ఎవరు గట్టిగా మాట్లాడారు? ఈ ప్రశ్నలు రెండో అంకె దగ్గరే ఎక్కువ పలుకుతాయని నా నమ్మకం.

"మనోడికి రానప్పుడు ఎవులికొచ్చినా ఒకటేనండి" అనేవాళ్లూ ఉంటారు. వాళ్ల చేత బలవంతంగా రెండో పేరు చెప్పించకూడదు. ఎమ్మెల్సీ బ్యాలెట్ మీద 1 వేసి వదిలేసే హక్కు ఉన్నట్టే, ఇక్కడా ఆగిపోయే హక్కు ఉండాలి. ఆ ఆగిపోయినవాళ్ల సంఖ్య కూడా సమాచారమే. ఏ నాయకుడి అనుచరుల్లో అలాంటివాళ్లు ఎక్కువో ఆ నాయకుడితో టికెట్ ప్రకటనకు ముందే కూర్చుని మాట్లాడాలి.

ఈ సర్వేలు ఎంతవరకు నమ్మవచ్చు? న్యూయార్క్ నగరంలో 2025 జూన్ 24న డెమొక్రటిక్ పార్టీ మేయర్ ప్రైమరీ జరిగింది. ఓటరు ఐదుగురి వరకు వరుస రాయవచ్చు. ఎన్నికకు ఒక రోజు ముందు ఎమర్సన్ కాలేజీ సర్వే వచ్చింది. మొదటి ప్రాధాన్యంలో మాజీ గవర్నర్ ఆండ్రూ కువోమో 35 శాతం, జోహ్రాన్ మమ్దానీ 32 శాతం. ఒక్క పేరు అడిగే సర్వే అయితే కువోమో గెలుస్తాడని రాసేవారు. వాళ్లు వరుసలు కూడా అడిగారు కాబట్టి ఒక్కొక్కరిని తప్పిస్తూ లెక్కిస్తే ఎనిమిదో రౌండులో మమ్దానీ 52-48తో గెలిచాడు. మరో అభ్యర్థి బ్రాడ్ లాండర్, మమ్దానీ ఒకరినొకరు రెండో స్థానంలో రాయమని తమ ఓటర్లకు చెప్పిన ప్రభావం అందులో కనిపించింది. అసలు ఎన్నికలో మమ్దానీ మొదటి ప్రాధాన్యంలోనే ఏడు శాతం ముందున్నాడు, చివరికి 56-44తో గెలిచాడు. సర్వే దిక్కు సరిగ్గా చెప్పింది, దూరం తక్కువ చెప్పింది. వరుస అడిగినంత మాత్రాన, ఎవరు ఓటేయడానికి వస్తారో ముందుగా కనిపెట్టడమనే పాత కష్టం తీరదు.

మన దగ్గర ఇంకో కష్టం ఉంది, లెక్కకు సంబంధించినది. వెయ్యి మందిని సరైన పద్ధతిలో ఎంచి అడిగితే మొదటి ప్రాధాన్యంలో మూడు శాతం అటూ ఇటూ తప్పు ఉంటుంది. పై ఉదాహరణలో టికెట్‌ను తిప్పింది హెడ్మాస్టరమ్మ మనుషుల రెండో ప్రాధాన్యం. వెయ్యి మందిలో వాళ్లు 240 మందే. వాళ్లు ఎటు వెళ్తారన్న అంచనాలో తప్పు ఆరు శాతానికి పైగా పెరుగుతుంది. నాలుగు వందల మందినే అడిగితే వాళ్లు 96 మంది, తప్పు పది శాతం. కాబట్టి రెండో ప్రాధాన్యం మీద నిర్ణయం తీసుకోవాలంటే ఎక్కువ మందిని అడగాలి, లేదా మూడో స్థానంలో ఉన్నవారి అనుచరులను ప్రత్యేకంగా ఇంకొంతమందిని వెతికి అడగాలి. సర్వే చేసినవాళ్లు 50-46 అని చూపించి టికెట్ మార్చమంటే, ఎంతమందిని అడిగారన్న ప్రశ్న ముందు వెయ్యాలి.

అడిగే తీరు గురించి. ఫోన్లో ముగ్గురి పేర్లు చదివి 1, 2, 3 వరుస చెప్పమంటే జనం తికమకపడతారు. డిగ్రీ చదివినవాళ్లు ఓటేసే పట్టభద్రుల ఎన్నికలోనే వేల ఓట్లు చెల్లకుండా పోతున్నాయి. దీనికి తేలిక దారి రెండు అంచెల ప్రశ్న. మొదట మూడు పేర్లు చదవాలి. వాటిలో ఏదో ఒక పేరుకు నొక్కగానే ఆ పేరు తీసేసి, "వారికి రాకపోతే ఈ ఇద్దరిలో ఎవరు?" అని అడగాలి. మూడు పేర్లే ఉంటే ఇంతటితో వరుస పూర్తవుతుంది. దాని తర్వాత మరో ప్రశ్న విడిగా ఉండాలి: "వీరిలో ఎవరికిస్తే మీరు పార్టీకి ఓటెయ్యరు?" మూడో స్థానంలో పెట్టడం వేరు, అసలు వద్దనడం వేరు. వరుస ఒక్కటే చూస్తే ఈ తేడా తెలియదు. పేర్లు చదివే క్రమం కూడా కాల్ కాల్‌కూ మారాలి. మొదట విన్న పేరుకు నొక్కేయడం మానవ సహజం, మూడు పేర్లను ఆరు రకాలుగా తిప్పవచ్చు, యంత్రానికి అది కష్టమేమీ కాదు.

ఫోను ఎవరి చేతిలో మోగుతుందన్నది ఉద్దానంలో అసలు సమస్య. ఇక్కడి నుంచి కుర్రాళ్లు హైదరాబాద్, విశాఖ, చెన్నై వెళ్లారు. శ్రీకాకుళం తీరం మత్స్యకారులు వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా పోతారు. ఇంటి చిరునామా మీదున్న సిమ్ మరో రాష్ట్రంలో ఉంటుంది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మగవాడి జేబులో ఉంటుంది. కాశీబుగ్గలో జీడిపిక్కలు ఒలిచే ఆడవాళ్లు పగలు ఫోనెత్తలేరు. పోలింగ్ రోజు బూతు దగ్గర వరుసలో మాత్రం ఈ ఆడవాళ్లూ నిలబడతారు. ఐవీఆర్‌ఎస్‌తో పాటు ఊళ్లకు మనిషిని పంపి, ఆడవాళ్లను ఆడవాళ్లే అడిగేలా, తీరం గ్రామాల్లో పడవలు ఒడ్డుకు చేరాక అడిగేలా చూడకపోతే ఎన్ని వరుసలు తీసినా సగం జనం వరుసే అవుతుంది.

రహస్యం సంగతీ ఉంది. ఫోన్ నంబరుకు పేరు ముడిపడి ఉంటుందని జనానికి తెలుసు. ఫలానా ఆయన వద్దని నొక్కితే రేపు పింఛను గురించి ఎవరైనా అడుగుతారేమోనన్న బెరుకు ఊళ్లలో నిజంగా ఉంది. ముఖాముఖి సర్వేలో పేర్లున్న కాగితం ఇచ్చి, వాళ్లే అంకెలు వేసి మడిచి పెట్టెలో వేసేలా చేస్తే ఈ భయం చాలావరకు తగ్గుతుంది. అవతలి పార్టీవాళ్లు ఫోనెత్తి బలహీనుడి పేరు నొక్కే ప్రమాదం కూడా ఉంది. సభ్యత్వం ఉన్నవారినీ, లేనివారినీ విడివిడిగా లెక్కిస్తే అది ఎంతుందో తేలుతుంది. రెండు గుంపుల వరుసలూ ఒకేలా ఉంటే మరీ మంచిది. వేరుగా ఉంటే, పార్టీకి ఇష్టమైనవాడు ఒకడు, ఊరికి ఇష్టమైనవాడు ఇంకొకడు అన్నమాట, అది అధిష్ఠానం కచ్చితంగా తెలుసుకోవాల్సిన విషయం.

ఇదంతా అసెంబ్లీ టికెట్ల దాకా ఆగక్కర్లేదు. పలాస-కాశీబుగ్గ మున్సిపాలిటీలో ఒక వార్డు చాలు. కౌన్సిలర్ టికెట్ ఆశించేవాళ్లు నలుగురుంటే, ఆ వార్డులో పార్టీ సభ్యులను ఒక సాయంత్రం పిలిచి, నాలుగు పేర్లున్న చీటీలు పంచి, అంకెలు వేయించి, ఆ నలుగురి మనుషుల ఎదుటే విప్పి లెక్కించవచ్చు. మొదటి అంకెల పట్టిక, ఒక్కొక్కరిని తప్పించిన పట్టిక, ముఖాముఖి పట్టిక, మూడూ గోడ మీద అంటించాలి. ఓడిన ముగ్గురికీ తమ మనుషులు రెండో పేరుగా ఎవరిని రాశారో వాళ్ల కళ్లతోనే కనిపిస్తుంది. ఆ పట్టిక ముందు నిలబడి అలగడం, జాబితా టీవీలో చూసి అలగడమంత తేలిక కాదు.